ఓరుగల్లు చుట్టుపక్కల నక్షత్రాల టైమ్‌లాప్స్: ఎప్పుడు, ఎక్కడ, దేనితో?

రాత్రి ఆకాశాన్ని టైమ్‌లాప్స్ (వరుసగా తీసిన ఫోటోలను కలిపి చేసే వీడియో) తీయాలని ఉంది, ఏ కెమెరా కొనమంటారు అని చాలామంది అడుగుతుంటారు. వరంగల్, ములుగు, భూపాలపల్లి, జగిత్యాల, ఆదిలాబాద్ వైపు ఉండేవాళ్లు కెమెరా కన్నా ముందు క్యాలెండర్ చూడాలి. పాలపుంత నడిబొడ్డు, అంటే వృశ్చికం, ధనుస్సు రాశుల దగ్గర దట్టంగా మెరిసే భాగం, మనకు ఫిబ్రవరి నుంచి అక్టోబర్ దాకానే చీకట్లో కనిపిస్తుంది. అందులో జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వానాకాలం పట్టుకుపోతుంది. మిగిలిన నెలల్లో అమావాస్యకు అటూ ఇటూ కలిపి వారం, పది రోజులే సరైన చీకటి. అందులోనూ మబ్బు పట్టేవి కొన్ని, దుమ్ము కమ్మేవి కొన్ని, మనకు సెలవు దొరకనివి కొన్ని. ఏడాది మొత్తంలో చేతికి చిక్కే మంచి రాత్రులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

అందుకే ఇక్కడ ప్రతి పోలికలోనూ నేను వాడిన కొలత ఒక్కటే: దొరికిన రాత్రిని చేజారనివ్వనిది ఏది? ఇంకాస్త అందంగా వచ్చేదాని కన్నా, తెల్లారేసరికి ఫుటేజీ చేతిలో ఉండేలా చూసేదానికే నా ఓటు.

ఏ నెల నయం

ఎక్కువమంది ఏప్రిల్, మే నెలలు ఎంచుకుంటారు. కారణం తెలిసిందే. పిల్లలకు సెలవులు, పాలపుంత కూడా త్వరగా వస్తుంది. ఏప్రిల్ 20 ప్రాంతంలో నడిబొడ్డు రాత్రి పదిన్నర దాటాక ఆగ్నేయంలో పైకి వస్తుంది, మే 20కి ఎనిమిదిన్నర దాటితే చాలు. కానీ ఆ నెలల్లో మన గాలి బాగుండదు. యాసంగి వరి కోతలు అప్పుడే. హార్వెస్టర్లు రాత్రిళ్లు కూడా లైట్లు వేసుకుని తిరుగుతాయి, కొయ్యకాళ్లు తగలబెడతారు, కొనుగోలు కేంద్రాల దగ్గర రాత్రంతా దీపాలు. అడవి వైపు వెళ్తే ఇప్పపూలు ఏరడానికి, తునికాకు చిగురు కోసం చెట్ల కింద ఆకులకు పెట్టిన మంటల పొగ. ఇదంతా కలిసి ఆకాశం కింది భాగంలో ఒక గోధుమరంగు పొర పరుచుకుంటుంది. మే నెలలో అయితే సాయంత్రం పట్టే ఈదురుగాలులు, ఉరుములు వీటికి అదనం.

నా లెక్కలో అన్నిటికన్నా నయం ఫిబ్రవరి చివర నుంచి మార్చి అమావాస్య దాకా ఉండే రోజులు. మార్చి 20 ప్రాంతంలో నడిబొడ్డు రాత్రి పన్నెండున్నర దాటాక వస్తుంది. తెల్లవారుజామున ఐదుకల్లా దక్షిణాన నలభై డిగ్రీల ఎత్తు దాటుతుంది. వరంగల్ అక్షాంశం 18 డిగ్రీలు కాబట్టి మనకు అది అంత ఎత్తుకు వస్తుంది, ఢిల్లీ వాళ్లకు రాదు. నిద్ర పాడవుతుంది, నిజమే. కానీ అర్ధరాత్రి దాటాక ఊళ్లలో ఇంటి దీపాలు ఆరిపోతాయి, బండ్లు తగ్గుతాయి, నేల చల్లబడి గాలి కుదుటపడుతుంది. మూడున్నర గంటలు నిలకడగా తీసుకోవచ్చు. చివర్లో తెల్లవారే వెలుగు కూడా కలుస్తుంది.

అక్టోబర్‌లో వాన కడిగిన ఆకాశం అద్దంలా ఉంటుంది. కానీ చీకటి పడేసరికే నడిబొడ్డు నైరుతి వైపు దిగిపోతూ ఉంటుంది. 20వ తేదీ ప్రాంతంలో రాత్రి తొమ్మిదికే అస్తమిస్తుంది. ఒక్క క్లిప్‌కి సరిపోయే టైమ్. ఇంకో ఇబ్బంది ఏంటంటే రామప్ప, లక్నవరం వైపు నుంచి చూస్తే వరంగల్ నగరం ఉన్నది కూడా సరిగ్గా ఆ దిక్కునే. నగరం వెలుగులోకి పాలపుంత దిగిపోతుంది. అక్టోబర్‌లో తీయాలనుకుంటే ములుగు వైపు కన్నా ఉట్నూరు, జన్నారం వైపు నయం.

డిసెంబర్, జనవరిలో పాలపుంత నడిబొడ్డు ఉండదు గానీ మృగశిర, పిల్లలకోడి నడినెత్తిన ఉంటాయి. డిసెంబర్ 14 ప్రాంతంలో జెమినిడ్ ఉల్కలు రాలతాయి. రాత్రి రెండు గంటలప్పుడు అవి ఎక్కువ కనిపిస్తాయి. మొదటిసారి తీసేవాళ్లకు ఈ నెలలు మంచివే, రాత్రి పొడుగ్గా ఉంటుంది, సాధనకు టైమ్ దొరుకుతుంది. చలి, మంచు సంగతి కిందికి వచ్చాక చెబుతాను.

ఏ చోటు

లడఖ్‌లోని హాన్లే వెళ్లాలా అని అడుగుతారు. 2022లో దాన్ని డార్క్ స్కై రిజర్వ్‌గా, అంటే రాత్రి చీకటిని దీపాల వెలుగు నుంచి కాపాడే ప్రాంతంగా ప్రకటించాక ఆ మోజు ఇంకా పెరిగింది. వెళ్లగలిగితే జీవితంలో ఒక్కసారి తప్పక వెళ్లండి. మనకు దగ్గరలో మహారాష్ట్రలోని పెంచ్ పులుల అభయారణ్యం ఉంది, 2024లో దానికి డార్క్ స్కై పార్క్ గుర్తింపు వచ్చింది. ఆదిలాబాద్ నుంచి నాగ్‌పూర్ దారిలో వెళ్లొచ్చు. కానీ టికెట్లు, రూములు నెల ముందు బుక్ చేసుకుని వెళ్తే ఆ రెండు రోజులూ మబ్బు పట్టొచ్చు. ఇంటి నుంచి గంటన్నర దూరంలో ఉన్న చెరువు కట్ట అయితే సాయంత్రం నాలుగింటికి శాటిలైట్ మ్యాప్ చూసుకుని బయల్దేరొచ్చు, బాగోలేకపోతే రేపు వెళ్లొచ్చు. రాత్రులు తక్కువగా దొరికే మనకు ఈ వెసులుబాటే పెద్ద బలం.

మన దగ్గరి చోట్లలో పాలపుంత కోసం నేను మొదట చెప్పేది పాకాల చెరువు. నర్సంపేట, వరంగల్ రెండూ దానికి పడమర దిక్కున పడతాయి, పాలపుంత వచ్చేది ఆగ్నేయం నుంచి. ఆ వైపంతా గూడూరు, కొత్తగూడ అడవి. లక్నవరం నీళ్లు అందంగా ఉంటాయి గానీ కాటేజీలు, పర్యాటకుల సందడి, వాళ్ల దీపాలు ఉంటాయి. అక్కడ బస చేయడానికి వీలుంటుంది కాబట్టి కుటుంబంతో వెళ్లేవాళ్లకు అదే సరైనది. అర్ధరాత్రి దాటాక గదిలోంచి బయటికొచ్చి తీసుకోవచ్చు.

రామప్ప విషయంలో కాస్త ఆలోచించాలి. 1213 నాటి ఆ గుడి మీద పాలపుంత తీయాలని అందరికీ ఉంటుంది, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక మరీ. కానీ గుడి పురావస్తు శాఖ అధీనంలో ఉంది, ఆవరణలో ట్రైపాడ్ పెట్టాలంటే ముందుగా అనుమతి తెచ్చుకోవాలి, రాత్రి అయితే అసలే. అనుమతి లేకుండా గోడ దూకే ఆలోచన పెట్టుకోవద్దు. రామప్ప చెరువు కట్ట వేరే సంగతి. కట్ట మీద నుంచి దక్షిణాన ములుగు వెలుగు కొంచెం కనిపిస్తుంది, ఉత్తరం వైపు చెల్పూరు దగ్గరి కాకతీయ థర్మల్ కేంద్రం, భూపాలపల్లి గనుల వెలుగు ఉంటుంది. అందుకని రామప్ప దగ్గర ధ్రువ నక్షత్రం చుట్టూ తిరిగే నక్షత్రాలను తీయడం కన్నా తూర్పు, ఆగ్నేయం వైపు పెట్టుకోవడం మేలు.

ధ్రువ నక్షత్రం మాట వచ్చింది కాబట్టి ఒక విషయం. లడఖ్ నుంచో యూరప్ నుంచో తీసిన వీడియోల్లో నక్షత్రాలు ఆకాశం మధ్యలో గుండ్రంగా తిరుగుతుంటాయి. మనకు ధ్రువ నక్షత్రం ఉత్తరాన 18 డిగ్రీల ఎత్తులోనే, దాదాపు చెట్ల తలల మీద ఉంటుంది. అలాంటి గుండ్రటి వలయాలు పూర్తిగా కావాలంటే మనకు దొరకవు, కింది భాగం నేలలోకి వెళ్లిపోతుంది. దానికి బదులు తూర్పుకో పడమరకో తిప్పి పెడితే నక్షత్రాలు దాదాపు నిట్టనిలువుగా లేస్తూ, దిగుతూ కనిపిస్తాయి. అది మన అక్షాంశానికి ఉన్న ప్రత్యేకత, చూడటానికి చాలా బాగుంటుంది.

కవ్వాల్ కోర్ అడవిలోకి, ఏటూరునాగారం అభయారణ్యం లోపలికి రాత్రి వెళ్లే ఆలోచన వద్దు. అటవీ శాఖ ఒప్పుకోదు, ఒప్పుకోకపోవడమే సరైంది. అడవి అంచున ఉన్న పల్లెలో ఎవరిదైనా పొలం గట్టు, మోటరు షెడ్డు దగ్గర జాగా అడిగి పెట్టుకోండి. వెలుతురు ఉండగానే వెళ్లి అడగాలి. ట్రైపాడ్ చూస్తే మొదట అడిగే ప్రశ్న "ఏం సార్, భూమి సర్వే చేస్తున్రా?" అనే. చుక్కల వీడియో తీస్తున్నామని ఫోన్‌లో ఒకటి చూపిస్తే సరి, తర్వాత వాళ్లే మంచి జాగా చూపిస్తారు. ఇంకా ముఖ్యంగా వాళ్లను అడగాల్సిన మాట ఒకటుంది: అడవి పందుల కోసం చుట్టుపక్కల ఎక్కడైనా కరెంటు తీగలు పెట్టారా అని. మన జిల్లాల్లో ఆ తీగలు తగిలి మనుషులు చనిపోయిన వార్తలు వస్తూనే ఉన్నాయి. చీకట్లో ఫ్రేమ్ బాగుంటుందని తెలియని చేను దాటి వెళ్లొద్దు. బండి నుంచి కెమెరా దాకా పగలు నడిచిన దారిలోనే రాత్రి నడవండి.

ఊరు దాటి వెళ్లే వీల్లేని వాళ్లకు వరంగల్‌లోనే పని ఉంది. ఖిలా వరంగల్ వైపు నుంచో, భద్రకాళి చెరువు గట్టు నుంచో చంద్రోదయం, సందె వెలుగు, మెరిసే గ్రహాలు తీయొచ్చు. చంద్రుడు తన వెడల్పు అంత దూరం జరగడానికి దాదాపు రెండు నిమిషాలు పడుతుంది. కాబట్టి పొడుగు లెన్స్ పెట్టి రెండు సెకన్లకో ఫోటో తీస్తే చాలు. పాలపుంత మాత్రం నగరంలో ఆశించొద్దు.

ఫోనా, కెమెరానా

పిక్సెల్ ఫోన్లలో 2019లో వచ్చిన పిక్సెల్ 4 నుంచి ఆస్ట్రోఫోటోగ్రఫీ మోడ్ ఉంది, ఆ తర్వాతి కొన్ని మోడళ్లు ఆ ఫోటోతో పాటు చిన్న టైమ్‌లాప్స్ కూడా ఇస్తాయి. శాంసంగ్ గెలాక్సీ ఎస్23 నుంచి ఆస్ట్రో హైపర్‌లాప్స్ వచ్చింది. ఈ ఫోన్లు మీ దగ్గర ఇప్పటికే ఉంటే మొదటి రాత్రి వాటితోనే తీయండి. చిన్న స్టాండ్, పవర్ బ్యాంక్ చాలు. ఇన్‌స్టాలో పెట్టుకోవడానికి ముచ్చటగా వస్తుంది. కానీ ఇందుకోసమే కొత్త ఫోన్ కొనడం దండగ. ఫోన్ తనంతట తాను వండి ఇచ్చేసిన వీడియోను తర్వాత మనం దిద్దుకోవడానికి పెద్దగా ఏమీ మిగలదు. అదే డబ్బులో వాడిన కెమెరా బాడీ, ఒక మంచి లెన్స్ రెండూ వస్తాయి.

కెమెరాల్లో క్రాప్ సెన్సరా (చిన్న సెన్సర్), ఫుల్ ఫ్రేమా (పెద్ద సెన్సర్) అన్న చర్చ చాలా పొడుగ్గా సాగుతుంది. నేను దాన్ని పొట్టిగా ముగిస్తాను. బడ్జెట్ పరిమితమైతే క్రాప్ బాడీ తీసుకుని మిగిలిన డబ్బు లెన్స్ మీద పెట్టండి. టైమ్‌లాప్స్ చివరికి వీడియోగా మారుతుంది. ఆరువేల పిక్సెళ్ల వెడల్పు ఫోటో 1920కో 3840కో కుదించేటప్పుడు నాయిస్ (చీకటి ఫోటోల్లో కనిపించే గరుకు చుక్కలు) చాలావరకు అణిగిపోతుంది. గోడకు తగిలించే పెద్ద ప్రింట్‌కి ఉన్నంత తేడా ఇక్కడ కనిపించదు.

డీఎస్ఎల్ఆరా, మిర్రర్‌లెస్సా అంటే, వాడిన సరుకు కొనేవాళ్లకు డీఎస్ఎల్ఆర్ ఇంకా మంచి బేరమే. స్క్రీన్ ఆపేస్తే ఒక్క బ్యాటరీతో చాలాసేపు నడుస్తుంది. కొనేముందు షట్టర్ కౌంట్ (అప్పటిదాకా తీసిన క్లిక్కుల లెక్క) చూసుకోండి, ఒక్కో క్లిప్‌కి మూడు వందల క్లిక్కులు పడతాయి మరి. మిర్రర్‌లెస్‌లో రాత్రి ఫ్రేమ్ పెట్టుకోవడం, ఫోకస్ చేసుకోవడం తేలిక, చాలా మోడళ్లు పవర్ బ్యాంక్‌తో నడుస్తూనే ఫోటోలు తీస్తాయి. కొత్తది కొనగలిగితే అదే కొనండి. కొనేముందు లోపల ఇంటర్వెల్ షూటింగ్ (ఇన్ని సెకన్లకో ఫోటో తనంతట తానే తీయడం) ఉందా, తీస్తుండగా యూఎస్‌బీ నుంచి కరెంటు తీసుకుంటుందా అన్న రెండూ చూడండి.

అసలు తేడా లెన్స్‌లో

బాడీతో వచ్చే 18-55 కిట్ లెన్స్ 18 దగ్గర ఎఫ్ 3.5 దాకా తెరుచుకుంటుంది. ఎఫ్ పక్కన అంకె తగ్గేకొద్దీ లెన్స్ ఎక్కువ తెరుచుకుంటుంది. ఎఫ్ 2.8 లెన్స్ దానికన్నా ఒకటిన్నర రెట్లు ఎక్కువ వెలుగు తెస్తుంది. ఎఫ్ 1.8 అయితే దాదాపు నాలుగు రెట్లు. వెలుగు ఒక్కటే చూస్తే చవకగా దొరికే 50 ఎంఎం ఎఫ్ 1.8 గెలవాలి. కానీ నక్షత్రాలు కదులుతుంటాయి కదా. 500ను లెన్స్ పొడవుతో, క్రాప్ గుణకంతో (క్రాప్ కెమెరాకు దాదాపు 1.5, ఫుల్ ఫ్రేమ్‌కి 1) భాగిస్తే గీతలు పడకుండా షట్టర్‌ని ఎన్ని సెకన్లు తెరిచి ఉంచొచ్చో, అంటే ఎక్స్‌పోజర్ ఎంతో తెలుస్తుంది. క్రాప్ కెమెరా మీద 50 ఎంఎంకి ఏడు సెకన్ల లోపే వస్తుంది. 16 ఎంఎంకి 20 సెకన్లు. ఫుల్ ఫ్రేమ్ మీద 14 ఎంఎంకి 35. ఫోటోలకైతే ఈ లెక్క కాస్త ఉదారమైనదే, టైమ్‌లాప్స్‌కి సరిపోతుంది.

ఇంకో సంగతిని చాలామంది పట్టించుకోరు. ఆకాశం గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. 20 సెకన్ల ఎక్స్‌పోజర్, రెండు సెకన్ల విరామంతో 250 ఫోటోలు తీస్తే గంటన్నర పడుతుంది, సెకనుకు 25 ఫ్రేములతో పది సెకన్ల వీడియో అవుతుంది. ఆ గంటన్నరలో నక్షత్రాలు 22 డిగ్రీలు జరుగుతాయి. 14 ఎంఎం ఫుల్ ఫ్రేమ్‌లో వందకు పైగా డిగ్రీల వెడల్పు పడుతుంది కాబట్టి అది ఫ్రేమ్‌లో ఐదో వంతు ప్రయాణం, చూడటానికి నిదానంగా, హుందాగా ఉంటుంది. అదే 50 ఎంఎం పెడితే పాలపుంత ఫ్రేమ్‌లోకి వచ్చి పరుగెత్తి వెళ్లిపోతుంది. పగటి టైమ్‌లాప్స్‌లో విరామం తగ్గించి వేగం సరిచేసుకోవచ్చు. రాత్రి అలా కుదరదు, ఎక్స్‌పోజరే ఇరవై సెకన్లు కదా. అంటే రాత్రి వీడియో వేగం చాలావరకు లెన్స్ ఎంచుకున్నప్పుడే ఖాయమైపోతుంది.

అందుకే క్రాప్ కెమెరాకు టోకినా 11-16 ఎఫ్ 2.8, ఏ కెమెరాకైనా సామ్‌యాంగ్ 14 ఎంఎం ఎఫ్ 2.8 మాన్యువల్ లెన్స్ నేను సూచించేవి. రెండింట్లో ఒకటి చెప్పమంటే సామ్‌యాంగ్. దాని అపర్చర్ (వెలుగు లోపలికి వచ్చే రంధ్రం) మనం చేత్తో తిప్పి పెట్టిన చోటే ఉండిపోతుంది. ఆటో లెన్స్‌ని కొంచెం మూసి తీస్తే ప్రతి క్లిక్కుకీ రేకులు మూసుకుని తెరుచుకుంటాయి, ప్రతిసారీ వెంట్రుకవాసి తేడాతో ఆగుతాయి. వీడియోలో అది మినుకుమినుకుమనే ఫ్లికర్‌గా కనిపిస్తుంది. ఆటో లెన్స్ వాడేవాళ్లు పూర్తిగా తెరిచి తీస్తే ఈ గొడవ ఉండదు.

ఫోకస్ ఎలా పట్టాలో వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇక్కడ పోయిందంటే రాత్రి మొత్తం పోయినట్టే. లెన్స్ మీద అనంతం గుర్తు ఉంటుంది, దాన్ని నమ్మొద్దు. లైవ్ వ్యూ ఆన్ చేసి, బాగా మెరిసే నక్షత్రం ఒకటి ఫ్రేమ్ మధ్యకు తెచ్చి పది రెట్లు పెద్దది చేయండి. మొదట అది ఉబ్బిన తెల్లటి బిళ్లలా ఉంటుంది. రింగ్‌ని మెల్లగా తిప్పుతుంటే బిళ్ల చిన్నదవుతూ వస్తుంది, దాని అంచున ఉన్న ఊదారంగు పోతుంది, ఆ పక్కన అంతదాకా కనిపించని చిన్న చుక్కలు ఒకటీ రెండూ పొడుచుకొస్తాయి. ఇంకొంచెం తిప్పితే మళ్లీ ఉబ్బుతుంది, ఈసారి అంచు ఆకుపచ్చగానో ఎర్రగానో మారుతుంది. ఆ రెండింటి మధ్య, చిన్న చుక్కలు ఎక్కువ కనిపించిన చోట ఆపి రింగ్ మీద ఇన్సులేషన్ టేపు అతికించండి. కొన్ని మిర్రర్‌లెస్ కిట్ లెన్స్‌లలో కెమెరా ఆఫ్ చేసి ఆన్ చేస్తే ఫోకస్ జరిగిపోతుంది. అలాంటివైతే బ్యాటరీ మార్చాక మళ్లీ చూసుకోవాలి. సామ్‌యాంగ్‌కి ఓటేయడానికి నాకు ఇదీ ఒక కారణం.

క్లిక్కులు, కరెంటు, మంచు

కెమెరాలోనే ఉండే ఇంటర్వెల్ షూటింగ్, బయట తగిలించే రిమోట్ టైమర్, బటన్ లాక్ అయ్యే చవక వైరు రిమోట్. ఈ మూడూ పనిచేస్తాయి. లోపల ఉంటే అదే వాడండి, ఒక వైరు తగ్గుతుంది. ఒక లెక్క మాత్రం గుర్తుంచుకోవాలి. నికాన్, సోనీ కెమెరాల్లో ఇంటర్వెల్ అంటే ఒక ఫోటో మొదలైనప్పటి నుంచి తర్వాతి ఫోటో మొదలయ్యేదాకా. పైగా 30 సెకన్లు అని చూపించే షట్టర్ చాలా కెమెరాల్లో నిజానికి 32 సెకన్లు తెరిచి ఉంటుంది, 15 అంటే 16. అందుకని 30 సెకన్ల ఎక్స్‌పోజర్‌కి 31 ఇంటర్వెల్ పెడితే ఒక ఫోటో తీసి ఒకటి వదిలేస్తుంది. 34 పెట్టుకోండి. నక్షత్రాల గీతల ఫోటో కూడా కావాలనుకుంటే బర్స్ట్ మోడ్‌లో (ఆపకుండా వరుసగా తీసే పద్ధతి) పెట్టి వైరు రిమోట్ లాక్ చేయడమే అన్నిటికన్నా మంచిది, ఫోటోకీ ఫోటోకీ మధ్య ఖాళీ దాదాపు ఉండదు. ఆ వైరు రిమోట్ పాడవడానికి అందులో ఏమీ లేదు కూడా. మెయిన్ రిమోట్ ఏదైనా సరే, బ్యాగులో అదొకటి పడేసుకోండి.

లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆపేయాలి. అది ఆన్‌లో ఉంటే ప్రతి ఫోటో తర్వాత అంతసేపే ఇంకో నల్ల ఫోటో తీస్తుంది, వీడియోలో నక్షత్రాలు గంతులేస్తాయి.

కరెంటుకు స్పేర్ బ్యాటరీలా, డమ్మీ బ్యాటరీతో (బ్యాటరీ చోట పెట్టి వైరు ద్వారా కరెంటు ఇచ్చేది) పవర్ బ్యాంకా? స్పేర్ బ్యాటరీ మార్చాలంటే కెమెరాను ముట్టుకోవాలి. ముట్టుకుంటే ఫ్రేమ్ వెంట్రుకంత జరుగుతుంది, వీడియోలో అది కుదుపుగా తెలుస్తుంది. మూడు గంటలు తీసే మార్చి రాత్రికి పవర్ బ్యాంకే సరైనది. దాన్ని ట్రైపాడ్ కింద వేలాడదీస్తే బరువుకు బరువు.

డిసెంబర్‌లో చెరువు కట్టల మీద అసలు శత్రువు మంచు. లెన్స్ అద్దం మధ్యలో మొదలవుతుంది, ముందు నక్షత్రాల చుట్టూ చిన్న వలయాలు వస్తాయి, పది నిమిషాల్లో అన్నీ దూదిపింజల్లా ఉబ్బుతాయి, ఆ తర్వాత ఏమీ ఉండదు. గుడ్డతో తుడవడం పరిష్కారం కాదు, తుడిచిన ఐదు నిమిషాలకు మళ్లీ పడుతుంది. యూఎస్‌బీతో వేడెక్కే డ్యూ హీటర్ పట్టీ లెన్స్ ముందు భాగానికి చుట్టండి, మంచు పడేముందే ఆన్ చేయండి. ఇది ఖర్చులో చిన్నది, నా దృష్టిలో కెమెరా తర్వాత మొదట కొనాల్సింది. దానికి రెండో పవర్ బ్యాంక్ ఉంచుకోండి. మార్చి తర్వాత పొడిగాలిలో దీని అవసరం పెద్దగా పడదు.

ఇక సెట్టింగులు. పాకాల లాంటి చీకట్లో ఎఫ్ 2.8, 20 సెకన్లు, ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందన ఎంతో చెప్పే అంకె) 3200 దగ్గర మొదలుపెట్టండి. వరంగల్ శివార్లలో అయితే పది సెకన్లు, ఐఎస్ఓ 800. హిస్టోగ్రామ్ (ఫోటోలో వెలుగు, చీకటి ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫ్) ఎడమ గోడకు అతుక్కోకుండా కాస్త విడిగా నిలబడాలి, స్క్రీన్ మీద బొమ్మను నమ్మొద్దు, చీకట్లో స్క్రీన్ ఎప్పుడూ ఎక్కువ వెలుగుగానే కనిపిస్తుంది. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదలకుండా 4000 కెల్విన్ దగ్గర కట్టేయండి. జేపెగ్ కాకుండా రా ఫైల్‌లోనే (కెమెరా దిద్దకుండా ఇచ్చే అసలు ఫైల్) తీయాలి. ఊళ్ల ఎల్ఈడీ వెలుగు, పొగ రంగు తర్వాత తీసేయడానికి జేపెగ్‌లో పప్పులుడకవు. 24 మెగాపిక్సెల్ కెమెరాలో మూడు వందల రా ఫైళ్లు ఎనిమిది జీబీ దాకా అవుతాయి, 64 జీబీ కార్డు ధారాళంగా సరిపోతుంది.

కెమెరాను పట్టా మీద మెల్లగా జరిపే స్లైడరు, తిప్పే హెడ్డు అప్పుడే వద్దు. వాటికి మోటరు, బ్యాటరీ, లెవెల్, ఇంకో రెండు వైర్లు. చీకట్లో ఒక్కటి తేడా వస్తే రాత్రి వృథా. ఆరువేల పిక్సెళ్ల ఫోటోలు మీ దగ్గర ఉన్నాయి కాబట్టి 1080 వీడియో తీసేటప్పుడు ఎడిటింగ్‌లోనే ఫ్రేమ్‌ని మెల్లగా ఎడమ నుంచి కుడికి జరపొచ్చు, దగ్గరికి తీసుకురావొచ్చు. ముందున్న చెట్టు, వెనకున్న ఆకాశం వేరువేరుగా కదిలే ఆ లోతు మాత్రం స్లైడర్‌తోనే వస్తుంది. ఆ తేడా కంటికి ఆనుతున్నప్పుడు, అప్పుడు కొనండి.

తెల్లవారేదాకా తీయడానికి కూడా రెండు దారులున్నాయి. చీకటి ఉన్నంతసేపు తీసి ఆపేయడం ఒకటి. తూర్పు తెల్లబడుతుంటే షట్టర్, ఐఎస్ఓ మెట్లుమెట్లుగా తగ్గిస్తూ సూర్యోదయం దాకా వెళ్లడం ఇంకొకటి. రెండోది చూడటానికి గొప్పగా ఉంటుంది గానీ ఆ మెట్ల తేడాలను సాఫ్ట్‌వేర్‌లో కలపాలి. మొదటి సీజన్ చీకటి క్లిప్పులతోనే గడపండి.

ఇంటికొచ్చాక

చీకట్లో, ఒకే సెట్టింగుతో, చంద్రుడు లేకుండా తీసిన క్లిప్‌కి ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ఉచితంగా దొరికే డార్క్‌టేబుల్‌లో మధ్య ఫోటో ఒకటి దిద్దుకుని, ఆ మార్పులను కాపీ చేసి మిగతా అన్నిటికీ పేస్ట్ చేయండి. జేపెగ్‌లుగా ఎగుమతి చేసి డావిన్చి రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లోకి తెస్తే వరుస నంబర్లున్న ఫోటోలను అది ఒకే క్లిప్‌గా చూపిస్తుంది. ఉచిత వెర్షన్‌లోనే 3840 బై 2160 దాకా వీడియో తీసుకోవచ్చు. లేనివి డీఫ్లికర్ (ఫ్లికర్‌ను తీసేసేది), మంచి నాయిస్ రిడక్షన్. అవి కొనే స్టూడియో వెర్షన్‌లో ఉంటాయి. లెన్స్ పూర్తిగా తెరిచో, మాన్యువల్ లెన్స్‌తోనో తీసి ఉంటే డీఫ్లికర్ అవసరమే రాదు.

లైట్‌రూమ్‌కి నెలనెలా కట్టేవాళ్లు దాన్నే వాడొచ్చు. ఒక జాగ్రత్త. డీహేజ్, క్లారిటీ, షాడోస్ లాంటి స్లైడర్లు ఒక్కో ఫోటోలో ఏముందో చూసి ఒక్కో రకంగా పనిచేస్తాయి. వాటిని గట్టిగా లాగితే ఫోటోలో బాగుంటుంది, వీడియోలో ఆకాశం దడదడలాడుతుంది. ఎక్స్‌పోజర్, కర్వ్, రంగు వీటితో ముందు పని కానివ్వండి.

తెల్లవారేదాకా తీసిన క్లిప్, చంద్రుడు మధ్యలో ఉదయించిన క్లిప్ అయితే ఎల్ఆర్‌టైమ్‌లాప్స్‌కి సాటి వచ్చేది నేను చూడలేదు. వరుసలో కొన్ని ఫోటోలను కీ ఫ్రేములుగా గుర్తిస్తుంది, వాటిని మాత్రమే లైట్‌రూమ్‌లో మీరు దిద్దితే, మధ్యలో ఉన్నవాటికి మార్పును క్రమంగా పంచుతుంది. షట్టర్ మార్చిన మెట్లను చదును చేస్తుంది, మిగిలిన ఫ్లికర్‌నూ తీస్తుంది. దీని ఉచిత వెర్షన్‌లో ఒక వరుసకు 400 ఫోటోల దాకా చేసుకోవచ్చు. నేర్చుకోవడానికి అది చాలు, కొనాలా వద్దా అన్నది ఆ తర్వాత తేల్చుకోవచ్చు. ఎనిమిది జీబీ ర్యామ్ లాప్‌టాప్‌లో ఇవన్నీ నెమ్మదిగా నడుస్తాయి. ఎగుమతిని రాత్రి పెట్టేసి పడుకోండి, దానికోసం కొత్త మెషీన్ కొనే పని లేదు.

అవే ఫోటోలను స్టార్‌స్టాక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వేస్తే నక్షత్రాల గీతల ఫోటో కూడా వస్తుంది. ఒక్క రాత్రికి రెండు ఫలితాలు. విమానాల గీతలు ఫోటోలో ఇబ్బంది పెడతాయి గానీ వీడియోలో ఒకటి రెండు ఫ్రేముల్లో దాటిపోతాయి, వాటి కోసం గంటలు గడపొద్దు.

చివరగా పంచుకోవడం. వీడియోని వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది కుదించే కుదింపులో చిన్న నక్షత్రాలన్నీ ఎగిరిపోతాయి, ఆకాశం గళ్లుగళ్లుగా అవుతుంది. డాక్యుమెంట్‌గా పంపండి. యూట్యూబ్‌లో అయితే 1080లో చేసిన వీడియోనైనా 4కే సైజుకు పెంచి ఎక్కించండి, దానికి ఎక్కువ బిట్‌రేట్ దక్కుతుంది. రా ఫైళ్లు మాత్రం చెరిపేయకుండా ఒక హార్డ్ డిస్క్‌లో దాచుకోండి, చోటు పేరు, అమావాస్య తేదీ ఫోల్డర్ మీద రాసి. వచ్చే ఏడాది అదే చోటికి ఏ గంటకు వెళ్లాలో ఆ ఫోటోల మీద పడ్డ టైమే చెబుతుంది.